తప్పు సూదిది

మంచి ఆడియో సిస్టం ఇంట్లో పెట్టుకున్న బ్లూస్ అభిమాని ముందుగా వెతుక్కునేవాటిలో మడ్డీ వాటర్స్ 1964 నాటి ఎల్పీ 'ఫోక్ సింగర్' ఒకటి. గిటారు తీగ మీద వేలు జారడం కూడా అందులో వినిపిస్తుంది. పొదిలి, దర్శి, వినుకొండ వైపు అలాంటి రికార్డు ఏదని అడిగితే జవాబు పద్యనాటకమే. ఆ వెంటనే "పాత ప్లేట్లు, అంతా గరగర" అని పెదవి విరుస్తారు. ఆ గరగరలో పెద్ద వాటా ప్లేటుది కాదు, దాన్ని వాయించే తీరుది.

బ్లూస్‌తో పోలికేమిటని అడగొచ్చు. అది మిసిసిపీ పత్తిచేలలో పనిచేసిన నల్లవాళ్ల పాట, ఇది పండితులు ఛందస్సులో రాసింది. నిజమే. కానీ బాపట్ల తాలూకాకు చెందిన బలిజేపల్లి లక్ష్మీకాంతం 1912లో రాసిన 'సత్యహరిశ్చంద్రీయము' కాటిసీనులో నటులు చేర్చి పాడిన పద్యాలు వినుకొండ జాషువావి. కులం పెట్టిన కష్టం తెలిసిన కవి శ్మశానం మీద రాసిన ఆ పద్యాలను, తెల్లవార్లూ నేలమీద కూర్చున్న కూలీజనం వన్స్ మోర్ అంటూ మళ్లీ పాడించుకున్నారు. రాసినవాడి చదువు కంటే విన్నవాళ్ల బతుకే ఇక్కడ ముఖ్యం.

ఇక ప్లేటు సంగతి. 78 వేగపు ప్లేటును లక్కలో రాతిపొడి కలిపి అచ్చువేసేవారు. ఉక్కు సూది అరిగి గాడికి సరిపడేందుకే ఆ పొడి. కనుక కొంత బుస దానికి పుట్టుకతోనే ఉంటుంది, కాదనలేం. అయితే ఆ గాడికి కావలసిన సూదిమొన అంగుళంలో వెయ్యింట మూడు వంతులు. వినైల్ ఎల్పీ సూదిమొన వెయ్యింట ఒక వంతే. సన్నసూది పెడితే అది గాడి గోడలను పట్టకుండా అడుగున దొర్లుతూ, దశాబ్దాల దుమ్మునూ ఉక్కు సూదులు చేసిన గాయాలనూ చదువుతుంది. పైగా నేటి ఫోనో ఆంప్లిఫయర్లు 1954లో స్థిరపడిన రికార్డింగు ప్రమాణానికి చేసినవి. పాత ప్లేట్లకు అది సరిపడదు, గొంతు మూగబోయినట్టవుతుంది. ఇన్ని చేసి నేరం లక్క మీద వేస్తాం.

పైగా మన దగ్గర ఆ ప్లేట్లన్నీ తాతలనాటివేమీ కావు. కరెంటు లేని ఊళ్లలో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనే దిక్కు కాబట్టి, 1960లలో బీటిల్స్ పాటలు కూడా ఇక్కడ 78 ప్లేట్ల మీద వచ్చాయి! ప్లేటు బాగోకపోయినా గొంతు విలువ పోదు: అమెరికాలో బ్లూస్ గాయకుడు చార్లీ ప్యాటన్ పాటలు వేసిన పారమౌంట్, కుర్చీల కంపెనీకి చెందిన సంస్థ. దాని ప్లేట్ల నాసిరకం పేరుమోసింది. అయినా ఆ గొంతు కోసం జనం వాటిని ఇప్పటికీ వెతుకుతారు.

వినైల్ ఇచ్చిన మేలు నిడివి, దాన్ని తీసిపారేయలేం. పక్కకు మూడు నిమిషాల ప్లేటులో రాగాలాపన కుదించక తప్పలేదు. ఘంటసాల భగవద్గీత ఎల్పీగా రావడానికి (1974, ఆయన పోయాక) ఆ నిడివే వీలిచ్చింది. కానీ ఘంటసాలది మైకుకు దగ్గరగా, మెత్తగా పాడే గొంతు. గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టిన రంగస్థల నటుడు ఈలపాట రఘురామయ్య తరం వేరు. మైకు లేకుండా చివరి వరసకు వినిపించాలని సాధన చేసిన గొంతులవి. అలాంటి గొంతు రికార్డును కొనేవాళ్లు సిస్టం ధరకు ముందు 78 సూది ఉందో లేదో చూసుకోవాలి.