దూరానికి కొత్త కొలబద్ద ఇచ్చిన తెలుగువాడు

కేంబ్రిడ్జి అనగానే మన పిల్లలకు న్యూటన్ గురించీ, రామానుజన్ గురించీ చెబుతాం. అదే ఊళ్లోని పురావస్తు, మానవశాస్త్ర మ్యూజియంలో ఒక తెలుగువాడు పనిచేశారని చెప్పేవారు మాత్రం అరుదు. ఆయనే కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, ప్రపంచానికి సి. ఆర్. రావు.

1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టిన రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1945లో, సుమారు పాతికేళ్ల వయసులో, కలకత్తా మాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. రెండు జనసమూహాల మధ్య దూరాన్ని ఎలా కొలవాలన్నది అందులో ఒక ప్రశ్న.

నేను వైద్యుణ్ణి గనుక నాకు తెలిసిన ఉదాహరణ చెబుతాను. రెండు ప్రాంతాల నవజాత శిశువుల సగటు పొడవులో రెండు సెంటీమీటర్ల తేడా ఉంటే అది పెద్ద తేడా. పెద్దవాళ్ల సగటు ఎత్తులో అదే తేడా అంత పెద్దది కాదు. ఎందుకంటే పెద్దవాళ్ల ఎత్తులు ఒకరికొకరికి బాగా మారుతుంటాయి. అంటే కొలబద్ద కూడా చోటును బట్టి మారాలన్నమాట!

అలా మారే కొలతలతో వంపు తిరిగిన తలాల గణితాన్ని 1854లో జర్మనీలో రీమాన్ ప్రతిపాదించారు. లండన్ నుంచి హైదరాబాదుకు దగ్గరి దారి పటం మీద వంపుగా కనిపించడం మనకు తెలిసిందే. రావు గారు ఒక్కొక్క సమూహాన్నీ, దాని సగటుతో, వ్యత్యాసంతో సహా, అటువంటి తలం మీద ఒక బిందువుగా భావించారు. ఇంగ్లీషు శాస్త్రవేత్త ఫిషర్ నిర్వచించిన 'ఇన్ఫర్మేషన్'ను కొలబద్దగా తీసుకున్నారు. నేడు దానిని ఫిషర్–రావు దూరం అంటారు. మనకు పరిచయమైన గంట ఆకారపు నార్మల్ వక్రాలన్నీ కలిసిన తలం ఈ కొలతలో గుర్రపు జీనులా వంగి ఉంటుంది.

ఆ తర్వాతే, 1946లో, ఆయన కేంబ్రిడ్జి వచ్చారు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో దొరికిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలను మహలనోబిస్ పద్ధతిలో విశ్లేషించారు. ఫిషర్ గారి వద్దనే పరిశోధించి 1948లో పిహెచ్.డి. పొందారు. ఇక్కడికి చేతులూపుకుంటూ రాలేదు. ఇవ్వదగినది చేతపట్టుకునే వచ్చారు.

ఆ బీజం నుంచే 'ఇన్ఫర్మేషన్ జామెట్రీ' అనే శాస్త్రశాఖ ఎదిగింది. కంప్యూటర్లకు నేర్పే పద్ధతుల్లోనూ అది ఉపయోగపడుతోంది. 2023లో, 102 ఏళ్ల వయసులో, రావు గారికి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ లభించింది. అదే ఏడాది ఆగస్టు 22న అమెరికాలో కన్నుమూశారు.

మన పిల్లలు ఎ-లెవెల్‌లో నార్మల్ డిస్ట్రిబ్యూషన్ పాఠం తెరిచిన రోజున, ఈ పేరు వారి చెవిన వేయవలసిందిగా తల్లిదండ్రులకు నా మనవి.