‘గేమ్స్ ఉన్నాయా సార్?’: లినక్స్‌కు ఆటలొచ్చిన కథ

కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లవాడు మొదట అడిగేది ఇదే. ఇంటర్నెట్ సెంటర్లు వీధివీధినా వెలసిన రోజుల్లో శాలిబండలోనైనా, లాల్ దర్వాజాలోనైనా చాలామంది పిల్లలు మౌస్ పట్టింది రోడ్ రాష్, వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్ కోసమే. అవన్నీ విండోస్ మీద నడిచేవి. సికింద్రాబాద్ సీటీసీలో విడిభాగాలు కొని బిగించుకున్న కంప్యూటర్లలోనూ ఎక్కువగా విండోసే ఉండేది. ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుంటే ఆటలుండవు. అందుకే అది ఇంజనీరింగు విద్యార్థులకే గానీ ఇంటికి పనికిరాదన్న మాట పడిపోయింది. ఆ మాట చెరిగిపోవడానికి పాతికేళ్లకు పైనే పట్టింది.

లైనస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండ్‌లో విద్యార్థిగా ఉండగా 1991లో లినక్స్‌ను విడుదల చేశారు. 1993 డిసెంబరులో వచ్చిన డూమ్ ఆటను డేవ్ టేలర్ 1994లోనే లినక్స్‌కు తెచ్చారు. ఆరంభం బాగానే ఉంది. అయితే 1995లో మైక్రోసాఫ్ట్ డైరెక్ట్‌ఎక్స్ తెచ్చింది. తెరమీద బొమ్మ గీయాలన్నా, శబ్దం వినిపించాలన్నా ఆటలు దాని భాషలోనే అడగడం మొదలుపెట్టాయి. ఆ భాష లినక్స్‌కు రాదు.

దీనికి మొదటి దారి, ఒక్కో ఆటనూ లినక్స్ కోసం తిరగరాయడం. 1998లో అమెరికాలో స్కాట్ డ్రేకర్ స్థాపించిన లోకి సాఫ్ట్‌వేర్ ఆ పనే చేసింది. సివిలైజేషన్, క్వేక్ 3 వంటి ఆటలను తెచ్చింది. కొనేవాళ్లు చాలక 2002 జనవరిలో మూతపడింది. కానీ అక్కడ పనిచేసిన శామ్ లాంటింగా 1998లో రాసిన ఎస్‌డీఎల్ అనే ఉచిత లైబ్రరీ నేటికీ ఎన్నో ఆటలకు పునాది.

రెండో దారి దుభాషి దారి. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన మనిషి మధ్యలో ఉంటే పాతబస్తీలో ఏ బేరమైనా కుదురుతుంది కదా! 1993లో మొదలైన వైన్ ప్రాజెక్టు అటువంటిదే. విండోస్ ప్రోగ్రామ్ అడిగినదాన్ని లినక్స్‌కు అర్థమయ్యేలా మార్చి చెబుతుంది. ఆటల విషయంలో ఏళ్ల తరబడి తడబడింది. 2013లో స్టీమ్ ఆటల దుకాణాన్ని లినక్స్‌కు తెచ్చిన వాల్వ్ సంస్థ, వైన్ ఆధారంగా 2018 ఆగస్టులో ప్రోటాన్‌ను విడుదల చేసింది. 2022లో లినక్స్‌తో నడిచే స్టీమ్ డెక్‌నే అమ్మకానికి పెట్టింది. ఇప్పుడు వేలకొద్దీ విండోస్ ఆటలు లినక్స్‌లో నడుస్తున్నాయి. మోసాలను పట్టే ప్రత్యేక ఏర్పాటున్న వాలరంట్ వంటి కొన్ని ఆన్‌లైన్ ఆటలు మాత్రం ఇంకా నడవవు.

బడికి వీటికంటే ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. ఫ్రాన్స్‌కు చెందిన బ్రూనో కుడోయిన్ 2000లో మొదలుపెట్టిన జీకాంప్రీలో అంకెలు, అక్షరాలు, భూగోళం అన్నీ ఆటలే. 2002లో బిల్ కెండ్రిక్ చేసిన టక్స్ పెయింట్‌తో పిల్లలు బొమ్మలు వేసుకుంటారు. దానికి తెలుగు అనువాదమూ ఉంది. మన హైదరాబాద్‌లోనే 2005లో తెలుగు లినక్స్‌తో ముందుకొచ్చిన స్వేచ్ఛ సంస్థ, బడిపిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’ను రూపొందించింది. ఆటను పిల్లవాడి కంప్యూటర్‌లోకి తేవడమొక్కటే చాలదు, వాడి భాషలోకీ తేవాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ చరిత్రంతా స్వర్ణోత్సవ సంచికలో ఎందుకంటారా? విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు సరిపోని కంప్యూటర్లు మన పూర్వ విద్యార్థుల ఆఫీసుల్లో, ఇళ్లల్లో ఎన్నో మూలన పడి ఉంటాయి. వాటిని పాత సామాన్లవాడికి వేయకండి. లినక్స్ వేస్తే వాటిలో చాలావాటికి ఇంకా ఆయుష్షు ఉంది. ఒక్కొక్కరు ఒక్కో యంత్రం, ఒక ఆదివారం ఇస్తే మన బడిలో ఒక గది నిండుతుంది. ఆ గదిలో కూర్చునే పిల్లలకు ఆడుకోవడానికీ, ఆ ఆటల కోడ్ తెరిచి నేర్చుకోవడానికీ కావలసినంత ఉంది.