ఎ.ఎం. రాజా: మెత్తని గొంతు, రాజీపడని మనిషి

ఎ.ఎం. రాజా (1929–1989) తెలుగు, తమిళ, మలయాళ చిత్రాల్లో పేరు తెచ్చుకున్న నేపథ్య గాయకుడు, సంగీత దర్శకుడు. పూర్తి పేరు ఏమల మన్మథరాజు రాజా. చెవి దగ్గర చెప్పుకుంటున్నట్టుండే మెత్తని మగగొంతును 1950లలో దక్షిణాది సినిమా పాటకు అలవాటు చేసినవారిలో ఆయన ముఖ్యుడు. విప్రనారాయణ (1954), మిస్సమ్మ (1955), పెళ్లికానుక (1960) పాటలు తెలుగువారికి ఆయన ఇచ్చిన ఆస్తి. అగ్రశ్రేణిలో ఉన్నది మాత్రం పట్టుమని పదేళ్లు. ఆ తర్వాత అభిరుచులు మారాయి. అయితే అదొక్కటే కారణం కాదు. సంగీతం విషయంలో ఇసుమంతైనా సర్దుకుపోలేని మనస్తత్వం ఆయన పాటకు ఎంత మేలు చేసిందో, ఆయన వృత్తికి అంత కీడు చేసింది.

బాల్యం, చదువు

రాజా 1929 జూలై 1న చిత్తూరు జిల్లా రామాపురంలో మన్మథరాజు, లక్ష్మమ్మ దంపతులకు జన్మించాడు. నెలల పిల్లవాడిగా ఉండగానే తండ్రి పోయాడు. ఆ తర్వాత కుటుంబం అరక్కోణం ప్రాంతానికి చేరింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం వినిపించే సరిహద్దు సీమ అది. రెండు భాషల్లోనూ పరాయివాడి యాస లేకుండా పాడగలగడానికి పునాది అక్కడే పడిందనుకోవచ్చు.

మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చదివి 1951లో పట్టభద్రుడయ్యాడు. కళాశాల సంగీత పోటీల్లో బహుమతులు గెలుచుకునేవాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే తాను రాసి బాణీ కట్టిన రెండు తెలుగు పాటలను హెచ్.ఎం.వి. రికార్డుకు పాడాడు. అప్పటికి పెద్దగా పేరు రాని కె.వి. మహదేవన్ ఆ పాటలకు వాద్యసహకారం సమకూర్చాడు. రేడియోలో ప్రసారమైన ఆ పాటలు జెమినీ స్టూడియో అధినేత ఎస్.ఎస్. వాసన్ చెవినపడ్డాయి. ఆయన పిలిపించి తమిళ సంసారం (1951) చిత్రంలో పాడించాడు. దానికి సంగీతం కూర్చినవాడు వైణికుడు ఈమని శంకరశాస్త్రి. ఆ ఒక్క పాటతో మద్రాసు పరిశ్రమకు రాజా గొంతు పరిచయమైంది.

గొంతు, మైక్రోఫోన్

రాజా గానాన్ని అర్థం చేసుకోవాలంటే మైక్రోఫోన్ చరిత్రను కొంత చూడాలి. మైకు రాకముందు నాటక రంగస్థలం మీద పాడేవారి గొంతు చివరి వరుసదాకా వినిపించి తీరాలి. తెలుగునాట పద్యనాటకం ఇచ్చిన శిక్షణ అదే. తొలి టాకీ గాయకుల్లో ఎక్కువమంది ఆ గొంతుతోనే స్టూడియోలోకి వచ్చారు. అమెరికాలో 1925 ప్రాంతంలో విద్యుత్ రికార్డింగ్ వచ్చాక గొంతు పెంచాల్సిన అవసరం తప్పింది. బింగ్ క్రాస్బీ వంటి గాయకులు మైకును ఒక శ్రోత చెవిగా భావించి పాడారు. జాజ్ గాయని బిల్లీ హాలిడే అదే పరికరాన్ని దుఃఖానికి వాహనం చేసింది. తాళానికి ఒక్క క్షణం వెనకగా మాటను వదలడం, స్వరాన్ని పెంచకుండానే బాధను పలికించడం ఆమె ప్రత్యేకత. హిందీలో తలత్ మహమూద్, దక్షిణాదిన రాజా ఈ కొత్త పద్ధతికి చెందినవారు.

రాజా పాటలో ఊపిరి వినిపిస్తుంది. పదం చివర స్వరాన్ని కొట్టినట్టు ఆపకుండా సన్నగా వదిలేస్తాడు. గమకాలు పలుచన. కర్ణాటక సంగీతపు బరువును మోయించకుండా, రాగపు రూపాన్ని మాత్రం చెడనీయకుండా నడిపిస్తాడు. ప్రేమ, బతిమాలడం, ఒంటరితనం, చిరునవ్వుతో చేసే ఎత్తిపొడుపు ఆయనకు సహజంగా అమరాయి. వీరం, రౌద్రం, పౌరాణిక పద్యం ఆ గొంతుకు సరిపడవు. ఘంటసాల ఏ రసాన్నైనా భుజానికెత్తుకోగలిగిన తెలుగు పరిశ్రమలో ఇది చిన్న పరిమితి కాదు.

తెలుగు పాటలు

రాజ్ కపూర్ హిందీ చిత్రం ఆహ్ (1953) తెలుగులో ప్రేమలేఖలుగా అనువాదమైనప్పుడు ఆరుద్ర మాటలను శంకర్-జైకిషన్ బాణీల్లో రాజా, జిక్కి పాడారు. అనువాద చిత్రాల పాటలు పెదవుల కదలికకు లొంగి కృతకంగా ఉండటం పరిపాటి. ఈ పాటలకు ఆ జాడ లేదు. సినిమా థియేటర్లు వదిలిపోయాక కూడా ఇవి రేడియోలో బతికాయి. మీనాక్షి పొన్నుదురై నిర్వహించిన రేడియో సిలోన్ తెలుగు కార్యక్రమం, తర్వాత వివిధ భారతి ఆ తరం పాటలను ఇంటింటికీ చేర్చాయి. సికింద్రాబాద్‌లో సీతాఫల్‌మండి, లాలాగూడ వంటి రైల్వే పేటల్లో తెలుగు, తమిళ కుటుంబాలు పక్కపక్కనే ఉండేవి. ఒకే బాణీ రెండు భాషల్లో వినిపించే రాజా పాటలు అలాంటి చోట ఎవరికీ పరాయివి కావు.

భానుమతి, రామకృష్ణల భరణీ సంస్థ తీసిన విప్రనారాయణలో అక్కినేని నాగేశ్వరరావుకు రాజా గొంతు ఇచ్చాడు. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. అంతకు ముందు ఏడాదే దేవదాసులో అక్కినేనికి ఘంటసాల పాడిన పాటలు ఊరూవాడా మోగుతున్నాయి. అయినా రాజాను ఎంచుకోవడంలో ఔచిత్యం ఉంది. లోకం తెలియని భక్తుడు ఒక వేశ్య మోహంలో పడి, తిరిగి రంగనాథుణ్ణి చేరుకునే కథ అది. ఆ అమాయకత్వం రాజా గొంతులో సహజంగా ఉంది. భానుమతి నిండైన స్వరం పక్కన ఆయన పలుచని స్వరం వినిపిస్తే, ఎవరు ఎవరికి లొంగిపోతున్నారో వేరే చెప్పనక్కరలేదు.

మిస్సమ్మలో ఎన్.టి. రామారావుకు రాజా పాడాడు. పాతాళభైరవి (1951) నాటినుంచి రామారావుకు ఘంటసాల గొంతు విన్న ప్రేక్షకులకు ఇది కొత్త. మిస్సమ్మ కథానాయకుడు వీరుడు కాడు. ఉద్యోగం కోసం అబద్ధపు కాపురం పెట్టిన నిరుద్యోగి, అలిగే అమ్మాయిని నవ్వుతూ భరించే మనిషి. పింగళి నాగేంద్రరావు మాటల్లోని చమత్కారానికి గట్టి గొంతు పెడితే అది హేళన అయ్యేది. "తెలుసుకొనవె యువతి" పాటలో రాజా ఆ హద్దు దాటలేదు. పి. లీలతో "రావోయి చందమామ", పి. సుశీలతో శుద్ధసావేరిలో "బృందావనమది అందరిది" పాడాడు. తమిళ మిస్సియమ్మలో జెమినీ గణేశన్‌కు పాడినవాడు కూడా రాజాయే. ఒకే బాణీ రెండు భాషల్లో రెండు రకాల నటులకు అతికినట్టు కుదరడం అరుదు.

సంగీత దర్శకత్వం

శోభ (1958) అనే తెలుగు చిత్రంతో రాజా సంగీత దర్శకుడయ్యాడు. మరుసటి ఏడాది సి.వి. శ్రీధర్ తొలిసారి దర్శకత్వం వహించిన తమిళ చిత్రం కల్యాణ పరిసు ఆయనను ఎత్తైన చోట నిలబెట్టింది. పాటలు పట్టుకోట్టై కల్యాణసుందరం రాశాడు. ఆ కవి అదే ఏడాది 29 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. సైకిళ్ల మీద సాగే యుగళగీతం ఆ తరం యువతకు కొత్త హుషారు. దీపావళి పాటను సుశీల సంతోషంగా పాడితే, అదే పాటను రాజా విషాదంగా పాడాడు. కథ ఎంత దూరం వచ్చిందో ఆ రెండు రూపాల మధ్య తేడాయే చెబుతుంది.

తెలుగు రూపం పెళ్లికానుకకూ శ్రీధరే దర్శకుడు, రాజాయే సంగీత దర్శకుడు. "కన్నులతో పలుకరించు వలపులు", "వాడుక మరచెదవేల" ఆ చిత్రంలోవి. వాద్యాలు తక్కువ, గొంతుకు చోటు ఎక్కువ. సుశీల ప్రతిభను రాజా బాగా గుర్తించాడని ఈ రెండు చిత్రాలూ సాక్ష్యమిస్తాయి. 1961లో వచ్చిన తేన్ నిలవు వేరే దారి. కాశ్మీరులో చిత్రించిన ఆ తమిళ చిత్రానికి పాశ్చాత్య లయలో తేలికపాటి పాటలు కూర్చాడు. గాయని జానకితో కలిసి పాడిన "ఓహో ఎందన్ బేబీ" వింటే, మద్రాసు స్టూడియోల్లో గిటారు, శాక్సఫోను వంటి వాద్యాలు ఎంత మామూలైపోయాయో తెలుస్తుంది.

విభేదాలు, వెనకడుగు

నాటి రికార్డింగ్ పద్ధతి సున్నిత మనస్కులకు కఠినమైనది. గాయకులు, వాద్యబృందం ఒకే గదిలో, ఒకేసారి పాడి వాయించాలి. వయొలిన్ ఒకటి తప్పినా, తాళం జారినా పాట మొదటికి రావాలి. విడివిడిగా పాడి తర్వాత అతికించుకునే వీలు లేదు. స్టూడియో అద్దె, వాద్యకారుల వేతనం గడియారం మీద నడిచేవి. ఎవరికీ వినిపించని లోపం తనకు వినిపిస్తే రాజా దాన్ని వదిలేయలేడు. మాట్లాడి నెగ్గుకొచ్చే నేర్పు ఆయనకు లేదు. ముభావి. నొచ్చుకుంటే వాదించడు, తప్పుకుంటాడు. పరిశ్రమలో దీనికి అహంకారమని పేరు పడింది. ఆ ముద్ర న్యాయమైనదని చెప్పలేం. ఆ పట్టుదల లేకపోతే కల్యాణ పరిసు పాటలకు ఆ నిగారింపు వచ్చేది కాదు.

తేన్ నిలవు నాటికి శ్రీధర్‌తో అభిప్రాయభేదాలు తీవ్రమయ్యాయి. ఆ తర్వాత శ్రీధర్ తన చిత్రాలకు విశ్వనాథన్-రామమూర్తి జంటను తీసుకున్నాడు. ఆ జంట జెమినీ గణేశన్‌కు కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్ గొంతును స్థిరపరిచింది. రాజా మెత్తదనానికి దగ్గరి గొంతు అది. ఎం.జి. రామచంద్రన్‌కు రాజా పాడిన ప్రేమగీతాల్లో గులేబకావళి (1955)లో జిక్కితో, అలీబాబావుం నార్పదు తిరుడర్గళుం (1956)లో భానుమతితో పాడినవి నేటికీ వినిపిస్తాయి. కానీ ఆ నటుడి వీరోచిత వేషాలకు టి.ఎం. సౌందరరాజన్ కంఠం నిలిచిపోయింది. తెలుగులో ఘంటసాల ఉండనే ఉన్నాడు. 1962లో వచ్చిన తమిళ ఆడిపెరుక్కు తర్వాత రాజాకు తమిళ, తెలుగు చిత్రాల్లో పని బాగా తగ్గిపోయింది.

సోల్, జాజ్ గాయకుల చరిత్రల్లో మనోవేదన తరచుగా మత్తుగా మారి ప్రాణం తీసింది. బిల్లీ హాలిడే 44 ఏళ్లకు, బ్రిటిష్ గాయని ఏమీ వైన్‌హౌస్ 27 ఏళ్లకు అలా పోయారు. రాజా కథ వేరు. ఆయన తనను తాను నాశనం చేసుకోలేదు, తన గొంతును జనానికి దూరంగా పెట్టుకున్నాడు. నష్టం శ్రోతలది కూడా.

ఆయనను చివరిదాకా వదలనిది మలయాళం. స్నేహసీమ (1954)లో పాడిన జోలపాట మొదలు, భార్య (1962)లో పెరియార్ నది మీద సుశీలతో పాడిన పాట, అడిమకళ్ (1969)లోని "తాళంపూ మణముళ్ళ" దాకా అక్కడి శ్రోతలు ఆయనను తమ గాయకుడిగానే లెక్కించారు. పరవూర్ దేవరాజన్ బాణీలు ఆయన నెమ్మదికి అమరాయి.

జిక్కి, చివరి రోజులు

రాజా భార్య జిక్కి అసలు పేరు పి.జి. కృష్ణవేణి. ఆమె కూడా చిత్తూరు జిల్లా మనిషే. పంతులమ్మ (1943)తో బాలగాయనిగా వచ్చింది. రోజులు మారాయి (1955)లో "ఏరువాక సాగారో" ఆమె పాడినదే. ఇద్దరూ పాడిన యుగళగీతాల్లో గొంతుల పొత్తు విశేషమైనది. జిక్కిది ఉత్సాహం పొంగే స్వరం, రాజాది అణచుకునే స్వరం. భర్త వెనక్కి తగ్గిన ఏళ్లలో ఆమె సినిమా పాటలు కూడా తగ్గాయి. 1970లలో రాజా మళ్లీ కొన్ని తమిళ చిత్రాలకు పాడాడు. భార్యాభర్తలు కలిసి వేదికల మీద పాత పాటల కచేరీలు చేసేవారు.

అలాంటి ఒక కచేరీకి కన్యాకుమారి వైపు వెళుతూ, 1989 ఏప్రిల్‌లో తమిళనాడు తిరునల్వేలి జిల్లా వళ్ళియూరు రైల్వే స్టేషన్‌లో జరిగిన ప్రమాదంలో రాజా మరణించాడు. అప్పటికి ఆయన వయసు 59. జిక్కి ఆ తర్వాత కూడా సినిమాల్లో, వేదికల మీద పాడింది. 2004 ఆగస్టు 16న చెన్నైలో కన్నుమూసింది.