పనిచేస్తున్న మాత్రను ఆపేస్తే ఏమైంది? | అమెరికా సైన్యం, అడినోవైరస్ కథ

యుద్ధం లేదు, శత్రువు లేడు. అయినా అమెరికా సైనిక శిక్షణ క్యాంపుల్లో కొత్తగా చేరిన కుర్రాళ్లు గుంపులుగా జ్వరం, దగ్గుతో ఆస్పత్రి పాలయ్యేవాళ్లు. ఒకే హాల్లో వరసగా మంచాలు, నిద్ర తక్కువ, అలసట ఎక్కువ. హాస్టల్లో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ముఖ్య కారణం అడినోవైరస్, అందులో 4, 7 రకాలు.

1971 నుంచి అందరికీ ఇచ్చిన వ్యాక్సిన్ నాకు భలే నచ్చింది. సూది కాదు, మాత్ర. లోపల ఉన్నది బతికున్న వైరసే! పైపూత వల్ల అది పేగుల్లోకి వెళ్లాకే కరుగుతుంది. అక్కడ ఊపిరితిత్తుల జబ్బు తేదు, ఒంట్లో రక్షణ మాత్రం తయారవుతుంది. అందుకే నమలకూడదు, మింగాలి.

జబ్బు బాగా తగ్గింది. కానీ తయారుచేసేది ఒక్కటే కంపెనీ. ప్లాంట్ బాగుచేయడానికి డబ్బెవరు పెట్టాలో రక్షణ శాఖతో తేలలేదు. 1996లో తయారీ ఆగింది, 1999కల్లా స్టాక్ అయిపోయింది. వైరస్ తిరిగొచ్చింది. 2000లో ఇల్లినాయ్‌లో శిక్షణలో ఉన్న ఇద్దరు రిక్రూట్లు చనిపోయారు. అంతకుముందు ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే.

"ఇష్యూలేం రావట్లేదుగా, ఈ బ్యాకప్ ఎందుకు?" అన్న మీటింగ్‌లో ఒకప్పుడు నేనూ తలూపినవాణ్ణే. అందుకే ఈ తేదీలు గుచ్చుకున్నాయి.

2011లో వేరే కంపెనీ అవే రకాల మాత్రలు మళ్లీ చేసిచ్చింది. క్యాంపుల్లో కేసులు ఒక్కసారిగా పడిపోయాయి.