చూపుకి ఆనని కొండ

700 అడుగుల పొడవు, 19 వేల టన్నుల పైచిలుకు బరువు, వీపు మీద విమానాలు. మన పాత విక్రాంత్ సంగతి చెబుతున్నాను. అంత కొండంత ఓడ శత్రువు కళ్ళపడకుండా ఎలా ఉంటుందండీ అని ఎవరికైనా అనుమానం వస్తుంది. రేవులో కట్టేసి ఉన్నంతసేపూ అది కొండే. నడిసముద్రంలోకి వెళ్ళిందా, సముద్రంలో కాకిరెట్టే!

నాకు లెక్కలంటే పడదు గాని, ఈ ఒక్క లెక్కా వేసి చూశాను. విమానవాహక నౌక ఫలానా చోట ఉందని కబురందింది. వేటకు బయల్దేరినవాడు అక్కడికి చేరడానికి 10 గంటలు పట్టింది. ఈలోగా ఓడ గంటకు 30 కిలోమీటర్ల చొప్పున తీరిగ్గా నడిచినా ఏ దిక్కుకైనా 300 కిలోమీటర్లు పోగలదు. అంటే గాలించాల్సిన నీళ్ళు 2 లక్షల 80 వేల చదరపు కిలోమీటర్లు! ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో పట్టేసి ఇంకా కాస్త మిగులుతుంది. ఈనాడు ఆకాశంలో ఉపగ్రహాలున్నాయి, నిజమే. కాని అవి తీసే ఫోటో కూడా తీసిన మరుక్షణం నుంచీ పాతబడుతూనే ఉంటుంది. పోనీ, ఓడ దొరికిందే అనుకోండి. చుట్టూ కాపలా ఓడలు, పైన దాని విమానాలు. దగ్గరికి పోవడం మాటలా?

1971లో ఇలాంటి వేట మన విశాఖపట్నం గుమ్మంలోనే జరిగింది. అప్పటికి విక్రాంత్ బాయిలరు పగులిచ్చి, పూర్తి వేగం అందుకోలేని స్థితిలో ఉంది. దాన్ని ముంచడానికి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరింది. బంగాళాఖాతం దాకా రాగలిగింది వాళ్ళకి అదొక్కటే.

తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ని గుట్టుగా అండమాన్‌కి పంపేసి, విశాఖ దగ్గరే ఉన్నట్టు నాటకమాడించారు. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయరు విక్రాంత్‌లా వైర్‌లెస్‌లో మాట్లాడింది. బజారులో పెద్ద ఓడకి సరిపడా మాంసం, కూరగాయలు పురమాయించారు. విక్రాంత్ నావికుడొకడు జబ్బుపడిన తల్లికి ఎలా ఉందని అడిగినట్టు ఓ టెలిగ్రాం కూడా పుట్టించారు. ఇవన్నీ తరువాత ఆయనే రాసుకున్నారు. ఇల్లు నడిపే ఆడదానికి ఇందులో కిటుకు ఇట్టే తెలుస్తుంది. కూరల సంచీ బరువు చూసి మనింటికి ఎందరు చుట్టాలొచ్చారో వీధివీధంతా చెప్పెయ్యదూ!

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక రేవు బయట పెద్ద పేలుడు. ఘాజీ మునిగిపోయింది. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలవల్లనే అంటారు మనవాళ్ళు. కాదు, తన మందుపాతరలవల్లో, లోపల జరిగిన ప్రమాదంవల్లో అంటారు వాళ్ళు. తెల్లవారి 4వ తేదీన విక్రాంత్ విమానాలు ఎక్కడో దూరాన కాక్స్‌బజార్ మీద దాడి చేశాయి. ఓడ విశాఖలో లేదన్న సంగతి లోకానికి అప్పుడు తెలిసింది.

నీళ్ళమీద తేలిన వస్తువులు జాలర్లకు దొరికాయి. ఘాజీలో ఉన్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కడూ మిగల్లేదు. టెలిగ్రాంలోని జబ్బు తల్లి కల్పితం. అక్కడ కొడుకుల కోసం ఎదురుచూసిన తల్లులు మాత్రం నిజం. అక్కడ లేని ఓడని వెతుక్కుంటూ వచ్చి, వాళ్ళ బిడ్డలు మన తీరంలోనే ఉండిపోయారు.