క్షేమాభివృద్ధి

వార్తల్లో అభివృద్ధి అంటే రోడ్లూ వంతెనలూ. చర్చిలో ‘క్షేమాభివృద్ధి’ వేరు: తోటివాళ్లు విశ్వాసంలో గట్టిపడేలా చేయడం. తెలుగు బైబిల్లో పౌలు పత్రికలు చదివేవాళ్లకు బాగా తెలిసిన మాట. గ్రీకు మూలంలో అక్కడున్నది ‘ఓయికోదొమే’, అంటే ఇల్లు కట్టడం. పౌలు చేతిపని గుడారాలు కుట్టడమే అయినా, సంఘం గురించి రాసేటప్పుడు మేస్త్రీ భాష ఎత్తుకున్నాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో దీన్నే కొలబద్దగా పెట్టాడు: ఎవరికీ అర్థంకాని భాషలో మాట్లాడితే ఆ మనిషికే మేలు, అర్థమయ్యేలా ప్రవచిస్తే సంఘమంతటికీ. తెలుగులోకి వచ్చేసరికి కట్టుబడి పని కనుమరుగై, క్షేమం అడిగే ఆప్యాయత చేరింది. నాకైతే ఈ బేరం నష్టమనిపించదు. ఇప్పటి ప్రసంగాల్లో ‘ఆత్మీయ ఎదుగుదల’ అనీ వినిపిస్తుంది. ప్రార్థన కూటం నుంచి ఇంటికెళ్లేవాళ్లు మాత్రం ‘వాక్యంతో బలపరిచారు’ అంటారు.