ఒడ్డున మొదలగు సముద్రయానము

వరంగల్లు నుండి ఖమ్మము పోవు బాటలో వర్ధన్నపేట యున్నది. చెరువు మత్తడి దూకినపుడు, ఆకేరు పొంగినపుడు తప్ప ఆ ప్రాంతమువారికి పెద్ద నీరు కంటబడదు. ఇట్టి మెట్టసీమ నేలిన ఓరుగంటి ప్రభువులకు సముద్రముతో నేమి పని యని శ్రోతలు అడుగవచ్చును. దానికి సమాధానము తీరమందలి మోటుపల్లిలో, వీరభద్రాలయమున ఒక శిలాశాసనమై నిలిచియున్నది.

ఆ శాసనమును 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించెను. అంతకు పూర్వము తుపాను తాకిడికి ఒడ్డున బడిన ఓడలలోని సరుకునంతయు రాజులు బలిమిని గైకొనుచుండిరి. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పెను. ముప్పదింట నొకపాలు సుంకము తప్ప తక్కినదెల్ల వర్తకులదేయని అభయమిచ్చెను. ప్రాణమును లెక్కింపక కడలిపై బయలుదేరువారి యెడ దయచే నిట్లు చేయుచున్నామని అందు చెప్పబడినది. దూరద్వీపములకు పోవువాడు కలపను, తెరచాపను మాత్రమే చూచుకొనిన చాలదు. ఆపద వచ్చినపుడు ఏ ఒడ్డు తన్ను ఆదరించునో కూడ ఎరిగియుండవలెను. ఆ శాసనము వర్తకుల ప్రయాణసన్నాహములో నొక భాగమేయని మేము తలంచుచున్నాము.

ఏడువందల యేండ్లు దాటిన పిమ్మట ఇద్దరు తెలుగు వనితలు అట్టి ప్రయాణమునకు సిద్ధపడిరి. విశాఖపట్టణమునకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదునకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య భారత నౌకాదళపు అధికారిణులు. వర్తికా జోషి నాయకత్వమున ఆర్గురు స్త్రీలు ‘తారిణి’ యను తెరచాప నావపై భూప్రదక్షిణము చేయ సంకల్పించిరి. నావ పొడవు సుమారు 17 మీటర్లు మాత్రమే. ఇది పందెము కాకపోయినను పందెమునకు వలయు కఠినశిక్షణ అంతయు దీనికిని వలసివచ్చినది. ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన దిలీప్ దోందే వారికి గురువు. 2016లో వారు ‘మ్హాదేయి’ అను నావపై విశాఖ నుండి గోవాకును, పిదప మారిషసు దీవికిని పోయి వచ్చిరి. ఆ యేడాది డిసెంబరులో కేప్‌టౌనుకు సాగిరి. 2017లో తారిణిపైననే మరల మారిషసు యాత్ర చేసిరి.

2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేరిరి. ఆస్ట్రేలియా, న్యూజీలాండులను దాటి దక్షిణ పసిఫిక్ సముద్రమున గంటకు నూరు కిలోమీటర్లు మించిన గాలిని ఎదుర్కొనిరి. హార్న్ అగ్రమును చుట్టి 2018 జనవరిలో ఫాక్లండు దీవులను చేరిరి. ఏడువందలకు పైబడిన ఆ దీవులలో జనము కొలది వేలే. అచట నిలిచి, కేప్‌టౌను మీదుగా తిరిగి వచ్చుచుండగా నావను మళ్లించు చుక్కాని యంత్రము చెడినది. అపుడు వారిని ఆదుకొన్నది సన్నాహదినములలో రెండుమారులు చూచియున్న మారిషసు రేవే. అందు మరమ్మతు చేయించుకొని, మే 21న, 254 దినములకు గోవా చేరిరి.

మోటుపల్లి వర్తకునికైనను, తారిణి నావికురాలికైనను ఆపదలో నొక రేవు దిక్కయినది. ఆకేటి యొడ్డున పెరుగు బిడ్డలు సముద్రమును చూడకపోవచ్చును. కాని దానిపై పోవువారికి అభయమిచ్చిన రాజు తమ సీమవాడేయని వారికి తెలియజెప్పుట మన విధి.